హసింతా అత్త వాటా

కోతిని కాల్చడంలో మెళకువంతా తిప్పడంలోనే ఉంది. ఒక పక్కనే ఎక్కువసేపు ఉంచితే తోలు చిట్లి కొవ్వంతా నిప్పుల్లోకి కారిపోతుంది. తొందరపడి తీసేస్తే బొచ్చు మొదళ్లు పళ్లకు తగులుతాయి. నోయెమీ ఒకసారి తోక పట్టుకుని, ఒకసారి చెయ్యి పట్టుకుని తిప్పుతూ, మాడిన బొచ్చును మొండికత్తితో గీకుతూ ఉంది. పెళ్లయ్యాక తన సొంత పొయ్యి మీద కాల్చి, తన చేతులతో పంచబోయే మొదటి బొచ్చుకోతి ఇది.

కోతులు బలిసే ఈ కొవ్వుకాలంలో భర్త ఎవారిస్తో వేసిన మొదటి కోతి అత్తమామల ఇంటికే వెళ్లింది. దాన్ని గుమ్మంలో దించి, అత్తగారి మొహం చూడకుండా తిరిగొచ్చేశాడు. రెండోదాన్ని భార్య ముందు పెట్టి, ఏమీ ఎరగనట్టు అటు తిరిగి కూర్చుని బాణాల ఈకలు సరిచేసుకుంటున్నాడు. వేటగాడు తను కొట్టినదాని గురించి తను మాట్లాడకూడదు. అయినా ఆ వీపు నవ్వుతోందని నోయెమీకి ఇక్కణ్ణుంచే తెలుస్తోంది. ఇంటి కప్పు మీది ఆకు ఇంకా పూర్తిగా ఎండలేదు. పొగ తగిలినప్పుడల్లా అందులోంచి పచ్చివాసన దిగుతోంది. ఆ వాసన కోసమే ఆమె పొద్దున్నే లేచి అవసరం లేకపోయినా పొయ్యి రాజేస్తోంది.

కొవ్వు బాగా పట్టింది. చంక కింద వేలు పెడితే గోరు దాకా దిగింది. వాగులో కడిగి తెచ్చి, అరటాకుల మీద కీళ్ల దగ్గర కోసి పరిచింది. ఒక తొడ అమ్మకి. ఒక చెయ్యి ఎదురింటి చిన్నమ్మకి. తల, తోక ఉడికించడానికి. మిగిలింది తమకి. ఆకుల్ని లెక్క చూసుకుంటూ ఉండగా హసింతా అత్త వచ్చింది.

నాన్నకి అక్క ఆవిడ. కిందటి వానలకు ముందు మొగుడు పోయాడు. ఒక్కగానొక్క కూతురు పెళ్లయి దిగువకు, చాలా దూరం వెళ్లిపోయింది. వచ్చి, చాప అంచున కూర్చుని, మాంసం వైపు కాకుండా వాగు వైపు చూస్తూ అంగీ అంచుకి అంటుకున్న గడ్డిగింజల్ని ఒక్కొక్కటే లాగుతోంది. మాంసం ఎవరూ అడగరు. వచ్చి కూర్చుంటారు, అంతే. ఇచ్చేవాళ్లు ఆకు మడిచి పక్కన పెడతారు, వచ్చినవాళ్లు ఇంకాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, మర్చిపోతున్నదాన్ని తీసుకున్నట్టు తీసుకుని వెళతారు.

నోయెమీ రెండో తొడ అందుకుంది. ఎక్కణ్ణుంచి చూసిందో ఏమో, అమ్మ ఒదీలియా పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేసింది.

"మీ అత్తకి కల్లు పొయ్యవే. ఎండలో వచ్చింది," అంది. తర్వాత ఆడపడుచు వైపు తిరిగి నవ్వుతూ, "నీకేం వదినా, నీ మూడూ చెట్టు మీద అలాగే ఉన్నాయి. ఊళ్లో అందరికన్నా ఉన్నదానివి నువ్వే," అంది.

హసింతా అత్త కూడా నవ్వింది. "అవునే, పండి రాలతాయేమోనని చూస్తున్నా," అంది.

నోయెమీ తొడను ఆకు మీద పెట్టేసి, బుర్రలో కర్రపెండలం కల్లు పోసి ఇచ్చింది. అత్త చుక్క మిగల్చకుండా తాగి, బుర్ర బోర్లించి, వెళ్తున్నానంది. వెళ్లమన్నారు. ఆవిడ వాగుగట్టు దిగేదాకా నోయెమీ చెయ్యి ఆ తొడ మీదే ఉండిపోయింది. తర్వాత చూసుకుంటే బొటనవేలు కొవ్వులో దిగిపోయి ఉంది.

ఈ మూడు అన్నది కిందటి నెల సభలో తేలిన మాట. కోతుల లెక్క చూసే సెన్యోరిత పట్నం నుంచి పడవలో వచ్చి, బడి అరుగు మీద అందరితో కూర్చుంది. నోయెమీ నాన్న మార్సెలీనో చిన్నప్పుడు ఊరివాళ్లు బొచ్చుకోతుల్ని తోట అంచున నిలబడి కొట్టేవారు. ఇప్పుడు పొద్దున్న బయలుదేరితే సాయంత్రానికి గాని వాటి అరుపు వినపడదు. ఆడది మూడు వానాకాలాలకు ఒక్క పిల్లని కంటుంది. ఇవన్నీ సెన్యోరిత చెప్పక ముందే అందరికీ తెలుసు. తెలిసినదాన్ని ఒకరు బయటికి అనేసరికి మాత్రం అరుగు మీద మగాళ్లు ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. ఇంటికి ఎన్ని అని ఆవిడ అడిగింది. ఊరి పెద్ద మార్సెలీనోయే కాబట్టి ఆయనే లేచాడు. మన మాటలో ఒకటి, రెండు, మూడు ఉన్నాయి, ఆ పైన ఉన్నదల్లా 'చాలా' అన్నాడు. 'చాలా' దగ్గర ఆగమంటే ఏ మగాడూ ఆగడు, మూడు దగ్గర ఆగుదాం అన్నాడు. అందరూ నవ్వి ఒప్పుకున్నారు.

ఇల్లంటే ఏది అన్న ప్రశ్న వచ్చింది. వేటగాడున్నదే ఇల్లు అని ఒకరిద్దరన్నారు. సెన్యోరిత ఒప్పుకోలేదు. పొయ్యి ఉంటే ఇల్లే అంది, ఒంటరి ఆడమనిషికి వాటా లేకపోతే అన్యాయం కదా అంది. అలా హసింతా అత్తకీ మూడు వచ్చాయి. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తన పళ్లెన్నో ఎవరైనా చూశారా అని అడిగితే మళ్లీ నవ్వులు. కప్పు కూడా పూర్తిగా వెయ్యని నోయెమీ ఇంటిని కూడా లెక్కలో కలిపారు. ఆ రోజంతా ఆమెకు నేల మీద కాలు నిలవలేదు.

తిన్న కోతి పుర్రె ప్రతి ఇంటి చూరుకూ వేలాడాలి. అది చూసి సెన్యోరిత లెక్క తీసుకుంటుంది. మూడో పుర్రె వేలాడిందంటే ఆ ఇంటి వేట ముగిసినట్టు. అంతకుముందు ఎవరింట కోతి దిగినా ఆకు పొట్లాలు ఊరంతా తిరిగేవి. ఇప్పుడు ఎవరి మూడు వాళ్లకు కనపడుతున్నాయి, అందుకే పొట్లాలు తగ్గాయి. ఎవరూ పిసినారులు కాలేదు. అందరికీ ఒకటే మాట గుర్తుంది: ఆవిడ వాటా ఆవిడకుంది. చెట్టు మీదున్నదాన్ని ఎవరు దించాలన్నది మాత్రం ఆ రోజు సభలో ఎవరికీ తట్టలేదు.

సాయంత్రం వాగులో స్నానానికి దిగినప్పుడు నోయెమీ భర్తతో ఆ మాట ఎత్తింది. అత్త వాటా నువ్వు కొట్టి పెట్టరాదా అని అడిగింది. ఎవారిస్తో నీళ్లలో ముక్కుదాకా మునిగి, కళ్లు మాత్రం పైకి పెట్టి ఆలోచించాడు.

"బాణం నాది, కోతి అత్తది. బాగానే ఉంది. అంత దూరం నడిచే కాళ్లెవరివో?"

"నావే. ఒత్తేది నేనేగా."

"వీపు కూడా నీదే అయితే వెళ్తా. రెండు రాత్రులు అడవిలో పడుకోవాలి మరి."

ఆమె దోసిలితో నీళ్లు కొట్టింది. అతను మునిగి ఎక్కడో దూరంగా తేలాడు. నవ్వుతూ అటు చూస్తూనే ఆమె అరచెయ్యి నీళ్ల కింద పొట్ట మీదికి వెళ్లింది.

అప్పుడే చెప్పాల్సింది. రెండు నెలలుగా ఆమెకు ముట్టు రాలేదు. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు తలుచుకుని తనలో తనే నవ్వుకోవడంలో ఒక తీపి ఉంది, దాన్ని ఇంకొన్నాళ్లు దాచుకోవాలనిపించింది. అయితే అదొక్కటే కారణం కాదు. భార్య కడుపుతో ఉంటే భర్త కోతి మీద విల్లు ఎక్కుపెట్టకూడదు. చచ్చిన కోతి తన ప్రాణానికి బదులు పుట్టబోయే పిల్లని అడగడానికి ఆ ఇంటికి వస్తుంది. చెప్పిన మరుక్షణం ఎవారిస్తో విల్లు అటక ఎక్కుతుంది. అత్త మూడు కోతులు చెట్టు మీదే ఉంటాయి. కొవ్వుకాలం ఎన్నాళ్లో ఉండదు. ముందు అత్తవి దిగనీ, తర్వాత చెబుతా అనుకుంది. కడుపు పైకి కనపడటమే లేదు, కోతులకు మాత్రం ఎలా తెలుస్తుంది అనుకుంది.

ఎవారిస్తో వెళ్లి, మూడో రోజు పొద్దెక్కాక వచ్చాడు. బలిసిన మగకోతి. తోకను మెడకు చుట్టి, ముడి వేసి, వీపున మోసుకొచ్చాడు. కాళ్లు దోక్కుపోయి ఉన్నాయి. దాన్ని నోయెమీకి ఇచ్చి, అత్తకి నువ్వే ఇవ్వు, నేనిస్తే సిగ్గుపడుతుంది అన్నాడు.

హసింతా అత్త పెండలం గీకుతోంది. కోతిని ముందు దించగానే చేతిలో పని ఆగిపోయింది. కాసేపు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత పిల్లని పడుకోబెట్టినట్టు రెండు చేతులతో పక్కకు తిప్పి, చంక కింద నొక్కి చూసి, "ఓయమ్మ, ఎంత తిన్నావయ్యా," అని దాన్నే పలకరించింది. మీకు పంపాలి, మీ అమ్మకి పంపాలి, ఎదురింటికి పంపాలి అంటూ అప్పుడే వేళ్ల మీద పంపకాలు మొదలుపెట్టింది. తనకంటూ ఏదీ చెప్పుకోలేదు. చాలాకాలం తర్వాత తనకీ పంచడానికి ఏదో దొరికింది, ఆ సంబరం మొహమంతా పాకింది. మొగుడు బతికుండగా కొవ్వుకాలంలో ఈ గుమ్మంలో ఆకులు చాలేవి కావని చెబుతూ పొయ్యిలో దుంగలు దగ్గరకు తోసి మంట పెట్టింది.

బొచ్చు కాలిన వాసన లేచింది. నోయెమీకి పుట్టినప్పటి నుంచి తెలిసిన వాసన, నోరూరించే వాసన. ఈసారి అది గొంతులో అడ్డం తిరిగింది. లేచి ఇంటి వెనక్కి పరుగెత్తి, అరటి బోదె పట్టుకుని వాంతి చేసుకుంది. తల ఎత్తేసరికి అత్త పక్కనే నిలబడి ఉంది.

"ఎన్ని నెలలే?"

నోయెమీ రెండు వేళ్లు చూపింది.

"మీ ఆయనకి తెలుసా?"

"తెలీదు."

"నీకు తెలుసు."

తల ఊపింది. అత్త కాసేపు అరటాకు వైపు చూసింది.

"తెలిసే పంపావు. నాకోసం."

నోయెమీకి ఏడుపు ముంచుకొచ్చింది. అత్త తిట్టలేదు, ఓదార్చలేదు కూడా. పొయ్యి దగ్గరకు వెళ్లి దుంగల్ని విడదీసి మంట ఆర్పింది. తుంగవేళ్లు నూరి గోరువెచ్చని నీళ్లలో కలిపి, నోయెమీని కూర్చోబెట్టి, పొట్ట మీద, వీపు మీద కొద్దికొద్దిగా పోస్తూ, పేరు పెట్టకుండా ఎవరినో బతిమాలుతున్నట్టు పెదాలు కదిపింది. సగం కాలిన కోతిని ఆకుల్లో చుట్టి, ఒక్కతే మోసుకుని తోట దాటి అడవిలోకి తీసుకెళ్లింది. వచ్చేసరికి చేతులు ఖాళీగా ఉన్నాయి. మోచేతుల దాకా కడుక్కుని, తిన్నగా తమ్ముడి ఇంటికి నడిచింది. నోయెమీ వెనకాలే వెళ్లింది.

"తమ్ముడూ, మీ అల్లుడి విల్లు అటకెక్కించు," అంది హసింతా అత్త. "నువ్వు తాతవవుతున్నావు."

మధ్యాహ్నానికి పెరడంతా జనం. ఒదీలియా దాచి ఉంచిన కల్లు కుండ బయటికి తీసింది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, నాకు ముందే అనుమానమే అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఎవారిస్తో విల్లు అటక మీద పెట్టి దిగి, నవ్వాలో మానాలో తెలియని మొహంతో నిలబడ్డాడు. ఆ తర్వాత, ఎవరూ చూడనప్పుడు, అతని చూపు తోట అవతలి అడవి వైపు వెళ్లడం నోయెమీ గమనించింది. నువ్వెందుకు ముందే చెప్పలేదని అతను అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది. హసింతా అత్త రెండు బుర్రల కల్లు తాగి, ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్న తమ ఇంట్లో మార్సెలీనో, ఒదీలియా మాట్లాడుకున్నారు. గోడల్లేని ఇళ్లు. నోయెమీకి వినపడింది, వాగుకి వెళుతున్న వాళ్లెవరికైనా వినపడుతుంది. అక్క వాటాలో ఇంకా రెండున్నాయి, వాటిని నేను వెళ్లి కొడతాను అంటున్నాడు నాన్న. మన మూడూ అయిపోయాయి, వేట మానిన ఇంటి పేరున కొట్టకూడదు, కడుపుతో ఉన్న పిల్లకి కాస్త కొవ్వు తగలాలి. అక్క ఎలాగూ చేతిదాకా వచ్చినదాన్నే అడవికిచ్చేసింది, ఆవిడకి తినాలని లేదు. అమ్మ సరేనంది. ఇద్దరి గొంతుల్లోనూ ప్రేమ తప్ప ఇంకేమీ లేదు.

ఆ పూటే హసింతా అత్త ఒక కుండ, ఒక కత్తి, చాప చుట్ట తీసుకుని ఎగువన ఉన్న పాత తోటకి వెళ్లిపోయింది. ఇక్కడ మనసు విరిగినవాళ్లు అరవరు. లేచి ఎగువకు పోతారు. కొందరు వారానికి తిరిగొస్తారు, కొందరు రారు. ఆవిడ వెళుతుంటే చూసినవాళ్లున్నారు, ఎక్కడికని ఎవరూ అడగలేదు.

మార్సెలీనో ఒక కోతిని కొట్టుకొచ్చాడు. పుర్రెను అక్క ఇంటి చూరుకి కట్టాడు. మాంసం నోయెమీ దగ్గరకు వచ్చింది, ఆకు మీద ఒక నిండు తొడ. తల్లి ఉడికించి, దగ్గర కూర్చుని తినిపించింది. ఈసారి వాసన అడ్డం తిరగలేదు. నోయెమీ తింది. రుచిగా ఉంది. ఇంకో ముక్క కూడా తింది.

సెన్యోరిత పడవ వస్తోందని దిగువ నుంచి కబురొచ్చింది. పొయ్యి వెలగని ఇల్లు లెక్కలోకి రాదు. అందుకే ఒదీలియా కూతురితో మెల్లగా చెప్పింది, మీ అత్త పొయ్యి ఆరకుండా చూస్తూ ఉండు, పొగ కనపడితే చాలు అని. నీకోసమే కదా అంది. ఒక పొద్దు తల్లే వెలిగించింది. మరో పొద్దు నోయెమీ వెలిగించింది. ఎవరూ లేని ఇంట్లో కూర్చుని, ఏమీ ఉడకని మంటలోకి పుల్లలు తోస్తూ, ఇది చెడ్డ పనేమీ కాదని తనకు తను చెప్పుకుంది. అత్త తిరిగొస్తే ఇల్లు వెచ్చగా ఉంటుంది కూడా. చూరున పుర్రె గాలికి మెల్లగా తిరుగుతోంది.

సెన్యోరిత ఒక్కో ఇంటి ముందూ ఆగి, పుర్రెలు చూసి, పిల్లల్ని పలకరించి, ఇచ్చినచోటల్లా కల్లు తాగుతూ వచ్చింది. మార్సెలీనో ఆమె స్పానిష్‌ని ఊరి మాటలోకి, ఊరి మాటను స్పానిష్‌లోకి మారుస్తూ వెంట నడిచాడు. ఒక్క ఇల్లు కూడా మూడు దాటలేదు. ఆమె మొహం వెలిగిపోతోంది. మనుషులు చెప్పిన మాట మీద నిలబడితే ఎవరికి మాత్రం సంతోషంగా ఉండదు. చివరికి హసింతా అత్త ఇంటి ముందు ఆగింది. పొగ ఉంది. పుర్రె ఒకటి ఉంది. పొయ్యి దగ్గర నోయెమీ ఉంది.

పెద్దావిడ ఏదని సెన్యోరిత అడిగింది. తోటకి వెళ్లిందన్నాడు మార్సెలీనో. అది అబద్ధం కాదు. ఆవిడకి ఎవరో కొట్టిపెట్టారన్నమాట, చాలా మంచి పని, నాకు ఆవిడ గురించే బెంగగా ఉండేది అంది సెన్యోరిత. మార్సెలీనో దాన్ని ఊరి మాటలోకి మార్చడానికి నోరు తెరిచాడు.

ఆయన మార్చనక్కర లేకుండానే నోయెమీకి అర్థమైంది. బడిలో నేర్చుకున్న స్పానిష్ ఇంకా నాలుక మీద ఉంది. ఆ స్పానిష్‌లోనే, సెన్యోరిత మొహం చూస్తూ చెప్పింది.

"ఈ ఇంట్లో ఎవరూ లేరు. ఈ మంట నేను పెట్టింది."

సెన్యోరిత పొయ్యి వైపు, చుట్టిపెట్టిన చాపల్లేని ఖాళీ అటక వైపు చూసింది. ఇన్నేళ్లుగా ఈ వాగు మీద తిరుగుతున్న మనిషి. మనిషి చచ్చిపోయిన ఇంట్లో మిగిలినవాళ్లు ఉండరని, దాన్ని వదిలేస్తారని ఆమెకు తెలుసు. ఆమె గొంతు తగ్గింది.

"అయ్యో. ఎప్పుడు పోయింది?"

స్పానిష్‌లోనూ ఆ మాటకి రెండు దారులున్నాయి. వెళ్లిపోవడమూ అదే, చచ్చిపోవడమూ అదే. ఏ దారిన అడిగిందో ఆమె కళ్లలోనే తెలుస్తోంది. నోయెమీ తండ్రి వైపు చూసింది. ఆయన ఒక్క మాట అంటే చాలు. బతికే ఉంది, ఎగువన ఉంది అంటే చాలు. అంటే ఈ పొగ ఎందుకో, ఈ పుర్రె ఎవరిదో కూడా చెప్పాలి. మార్సెలీనో చూపు నేల మీదికి దిగింది. ఆ మౌనాన్ని సెన్యోరిత దుఃఖమనే అనుకుంది.

"మేం మాంసం పంచుకుంటున్నప్పుడు పోయింది," అంది నోయెమీ.

సెన్యోరిత ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఊళ్లో ఒక ఇల్లు తగ్గిందని, వచ్చే కొవ్వుకాలానికి ఆ మూడూ లెక్కలో ఉండవని మార్సెలీనోతో నెమ్మదిగా చెప్పింది. ఆయన తల ఊపాడు. ఎదురుగా ఉన్నవాళ్లందరూ విన్నారు. ఎవరూ ఆ మాట దిద్దలేదు.

పడవ వంపు తిరిగి, మోటారు చప్పుడు కూడా సన్నగిల్లాక, మార్సెలీనో తిరిగి అక్క ఇంటి దగ్గరకు వచ్చాడు. కూతురు పొయ్యిలో దుంగల్ని విడదీస్తోంది. ఆమె వైపు చూడకుండానే అన్నాడు.

"రేపు మీ ఆయన చేత ఎగువకి నాలుగు చేపలు పంపు. మీ అత్తకి."

"పోయినవాళ్లకి ఎవరు పంపుతారు నాన్నా," అంది నోయెమీ.

ఆయన చెయ్యెత్తి చూరుకు కట్టిన నార విప్పి, పుర్రెను కిందికి దించాడు. అది ఆ ఇంటిది కాదు. తన ఇంటిదీ కాదు. అరచేతిలో పెట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాడు.